నోటిమాట మీద ఐదో క్లాసు

పోయిన స్ప్రింగ్ సెమిస్టర్‌లో నాలుగు క్లాసులు చెప్పాల్సింది, ఐదు చెప్పాను. బదులుగా ఈ ఫాల్‌లో ఒకటి తగ్గిస్తానని మాటిచ్చిన మా కాలేజీ డిపార్ట్‌మెంట్ చైర్ రిటైరయ్యారు. ఇవాళ షెడ్యూల్ చూస్తే మళ్ళీ నాలుగే ఉన్నాయి. కొత్త చైర్ మన గుంటూరావిడే కదా అని ధైర్యంగా వెళ్ళి అడిగాను.

“ఈమెయిల్ ఏమైనా ఉందా అమ్మా?”

“లేదండీ. పెద్దాయన్ని రాసివ్వమని ఎలా అడుగుతాను?”

“అయ్యో! ఈ ఫాల్‌కి మేనేజ్ చెయ్యి తల్లీ, స్ప్రింగ్‌లో నేను తగ్గిస్తాగా.”

సరేనండీ అనేసి వచ్చాను. కారెక్కాక గుర్తొచ్చింది, ఈవిడ డిసెంబర్‌లో రిటైరవుతున్నారు.

ప్లేనోలో ఇంటికి చేరిన దగ్గర్నుంచి ఒకే ఈమెయిల్ రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. “మీరన్న మాట రాసిపెట్టండి” అని పెద్దవాళ్ళని నొప్పించకుండా అడగడం మీలో ఎవరికైనా చేతనైతే, ఆ ఒక్క వాక్యం కామెంట్‌లో పెట్టండి. కాపీ చేసుకుంటాను.