ఆగు అంటే అమ్ము

కర్నూలులో షేర్ల ఆఫీసు నడిపిన మా మిత్రుడు దేనికీ అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. మెడ రుద్దుకుంటూ "సూద్దాం లేప్పా" అనేవాడు. టీకి పోదామన్నా అదే మాట. అంటూనే చెప్పులేసుకునేవాడు.

ఆయన చార్టుల కోసం నేనొక ఇండికేటర్, అంటే ధరల గీతల మీద బాణాలు చూపే చిన్న ప్రోగ్రాము రాశాను. అందులో ఈనమ్ పారామీటర్, అంటే ఇచ్చిన మాటల్లోంచే ఒకటి ఎంచుకునే ఏర్పాటు పెట్టి, మూడు మాటలిచ్చాను: కొను, అమ్ము, ఆగు. ఆయన ఆగు ఎంచుకున్నాడు, ఇంకేం ఎంచుకుంటాడు! తెర నిండా అమ్మమనే ఎర్ర బాణాలు దిగాయి.

"ఏమప్పా, నేను ఆగమంటే ఇది అమ్మమంటాండాదే?"

చూస్తే నేను రాసిన షరతు ఒక్కటే: కొను అయితే పచ్చ బాణం, కాకపోతే ఎర్ర బాణం. కొనుగోలు కానిదంతా అమ్మకమే అనుకున్న మేధావిని. ఆగుకు వేరే షరతు రాసి, అంతా సరిచేశానని మురిసిపోయాను.

ఆ ఊపులోనే వాళ్ల చెల్లెల్ని పెళ్లి చేసుకుంటానని అడిగాను. మెడ రుద్దుకుని "సూద్దాం లేప్పా" అన్నాడు. నేను ముఖం మాడ్చుకుని ఆ ఆఫీసుకే పోవడం మానేశాను.

మరుసటేడు కడప సంబంధంతో ఆమె పెళ్లయింది. పెళ్లి బంతిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తూ ఆయన నా దగ్గర ఆగాడు.

"నువ్వు మళ్లా అడుగుతావని శానా దినాలు సూస్తాంటినప్పా."

నేను సరిచేసింది ప్రోగ్రామునే, నా తలను కాదు.

"ఇంకో ఓళిగ ఏస్తునా?" అన్నాడు.

"సూద్దాం లేప్పా" అన్నాను.

ఆయన వెంటనే వేసేశాడు.