గుమ్మం ముందు కుప్ప

ఏడాదికి ఎనిమిది నెలలు మంచు కురిసే ఆ ఊళ్లో ఉన్నవి నలభై ఇళ్లు, ఒక రోడ్డు, ఆ రోడ్డు మీది మంచు తోసే బండి. ఇరవై రెండేళ్లుగా బండికి డ్రైవరు ఒక్కాయనే; కనుక ఊరికి న్యాయాధిపతీ ఆయనే. తనకు గిట్టనివాడి గుమ్మం దగ్గర బండిని కాస్త పక్కకు తిప్పి, నడుమెత్తు కుప్ప పోసి, ఏమీ ఎరగని ముఖంతో సాగిపోయేవాడు. ఎవరి మీద ఎంత కోపమో ఊరు కుప్పల ఎత్తును బట్టి తెలుసుకునేది.

అన్నిటికంటే పెద్ద కుప్ప బావగారిది, అంటే భార్య అన్నగారిది. తగువెందుకొచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. బావ ఆ మంచును పారతో తిరిగి రోడ్డు మీదికి విసిరేవాడు. తొమ్మిదేళ్లుగా వాళ్ల మాటామంతీ అంతే. రోడ్డు ఈ చివరనున్న భార్యకు, ఆ చివర ఒంటరిగా ఉండే అన్న క్షేమం తెలిసే దారీ అదే.

ఆ బావ ఇంట్లోనే పోయి, కొయ్యలా గడ్డకట్టి కనిపించాడు. వారానికోసారి వచ్చే విమానంలో ఇన్‌స్పెక్టరు దిగాడు. ఊరు ఆయనకు గుక్కెడు టీ అయినా ఇవ్వలేదు గాని, అనుమానితుణ్ణి మాత్రం ఏకగ్రీవంగా చూపించింది.

"జ్వరంతో పోయాడు. హత్య కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, డ్రైవరు వంటింట్లో కూర్చుని. "కాని కుప్ప కోసి చూశానయ్యా. మూడు రోజుల పొరలున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. నాలుగో రోజు నువ్వే ఆపేశావు. ఎందుకని?"

"తిరిగి విసరనివాడితో ఏం పోట్లాటండీ."

పొయ్యి దగ్గర భార్య గరిటె కింద పెట్టింది. "అన్నయ్య కుప్ప తీశాడా అని రోజూ అడిగాను. తీశాడన్నారు."

"తియ్యలేదంటే పరిగెత్తుతావు. నేను తగ్గినట్టవుతుంది."

డ్రైవరు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "మొదటి రోజే పోయుంటాడు కదండీ?"

"మంచం పక్కన రోజుకో కాగితం చింపే క్యాలెండరుంది. నాలుగో రోజుదీ చింపాడు. తలుపు బయటికి తోసే రకం. తోసి చూసినట్టుంది, బెత్తెడు కదిలింది." ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు. "ఇది ఏ సెక్షను కిందికీ రాదు." ఆ మాట తిట్టులా అన్నాడు.

ఆయన్ని విమానం దగ్గర దింపి వచ్చేసరికి డ్రైవరు గుమ్మానికి అడ్డంగా నడుమెత్తు కుప్ప ఉంది. పారతో దిమ్మిసకొట్టి, పైన నీళ్లు కూడా పోసినట్టుంది, అప్పటికే రాయైపోయింది.

"తలుపు తియ్యవే."

"మూడు రోజులాగు," అంది భార్య, తాను లోపలికి దూరిన కిటికీని సందుగా తెరిచి. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వనడం అదే మొదలు. "ఎవరైనా అడిగితే బాగానే ఉన్నాడని చెప్తాలే."

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. తానెన్నడూ కుప్ప పొయ్యని గుమ్మం ఎక్కడుందా అని ఒక్కొక్క ఇల్లే చూసుకుంటూ నడిచాడు.