జేబు లేని అంగీ

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అంటారు. కుట్టుమిషను మీద బతుకుతుంది కాబట్టి అని కొందరంటారు, నోరు మిషనులా ఆడుతుంది కాబట్టి అని కొందరంటారు. రెండూ నిజమే. "నా జాకెట్టు ఎప్పుడిస్తావక్కా?" అని అడిగితే "నీ పెళ్ళి నాటికి ఇస్తాలే" అంటుంది, అడిగిన మనిషి ముగ్గురు పిల్లల తల్లయినా సరే. మాటకు మాట అనకుండా ఎవరినీ గుమ్మం దాటనివ్వదు.

వీధివైపు ఒక గది, వెనక ఒక గది. ముందు గదిలో మిషను, కత్తిరింపుల బల్ల, ఇస్త్రీపెట్టె, పేలికల గోనెసంచి. వెనక గదిలో సంసారం. సంసారమంటే ఆమే, ఆమె తమ్ముడూ. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది ఆమే. గుండీలు కుట్టడం నేర్పింది, చెప్పకుండా సినిమాకెళ్తే వీపు విమానం మోత మోగించింది, పెళ్ళి చేసింది.

వాడి మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ దుఃఖంలో ఉన్నవాడికి మిల్లువాళ్ళు తగిలారు. ఊరి చివర మూతబడ్డ నూలు మిల్లులో, పెద్దయ్య అనే ఆయన్ని గురువుగా పెట్టుకుని బతికే జనం వాళ్ళు. అందరికీ ఒకే వంట, ఒకే ప్రార్థన, ఒకే బూడిదరంగు పొడుగు అంగీ. ఆ అంగీకి జేబు ఉండకూడదు. రేపటికని దాచుకునేవాడికి దేవుడి మీద నమ్మకం లేనట్టేనట. తమ్ముడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి అక్కడ వంటవాడిగా కుదురుకున్నాడు. అంగీలు కుట్టే పని అక్కకు ఇప్పించాడు.

"జేబు లేకపోతే రుమాలు ఎక్కడ పెట్టుకుంటార్రా?" అని అడిగింది ఆమె.

"ఏడుపొస్తే చేత్తో తుడుచుకుంటాం అక్కా."

"మరి ముక్కో?"

వాడు పడీపడీ నవ్వాడు. బిడ్డ పోయాక వాడు నవ్వడం అదే మొదలు. అందుకే ఆమె మిల్లువాళ్ళను పల్లెత్తు మాట అనలేదు.

అనవలసిందే. పెద్దయ్య లోపల తుపాకులు పోగేస్తున్నాడు. సోదా చేయడానికి పోలీసులు వెళ్తే గేటు మీంచి పెద్దయ్య మనుషులు కాల్చారు. ఒక కానిస్టేబులు అక్కడికక్కడే పోయాడు. మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు. వాడికీ ఎక్కడో ఒక అక్క ఉండే ఉంటుంది. ఆ పాపం పెద్దయ్యదే, అందులో రెండో మాట లేదు. దేవుణ్ణి నమ్మినవాడికి తుపాకులెందుకు, పిల్లల వెనక దాక్కోవడమెందుకు?

సరే, వాడు దుర్మార్గుడు. మరి సర్కారుకేం వచ్చింది? మిల్లు చుట్టూ బలగాన్ని దింపింది. కరెంటు కోసింది, నీళ్ళు ఆపింది. లోపల పసిపిల్లలున్నారు బాబూ అంటే, "ఆ సంగతి పెద్దయ్యనే అడగండి" అన్నాడు మంత్రి టీవీలో, చొక్కా మడత నలగకుండా కూర్చుని. ఆ మాట విన్నప్పుడు మిషనక్క ఇస్త్రీపెట్టె ఎత్తింది. టీవీ బతికిపోయింది గానీ బల్ల కాలింది.

కొన్నాళ్ళు బేరసారాలు నడిచాయి. పెద్దయ్య కొందరు ఆడవాళ్ళను బయటికి పంపాడు. వాళ్ళలో తమ్ముడి పెళ్ళాం ఉంది. మళ్ళీ నీళ్ళోసుకుంది. మిషనక్క మరదల్ని ఇంటికి తెచ్చుకుంది. తమ్ముడు మాత్రం రాలేదు.

రోజూ సాయంత్రం వాడే గేటు దగ్గరికొచ్చి బయటినుంచి పంపే మందులు తీసుకునేవాడు. ఇవతల ముళ్ళకంచె దగ్గర నిలబడి అక్క కేకేసేది.

"ఒరేయ్, పెళ్ళాం కడుపుతో ఉంది. రారా."

"నేనొచ్చేస్తే వీళ్ళకి గంజి ఎవరు కాస్తారక్కా? పెద్దయ్య మెత్తబడ్డాడు. కాస్త ఓపిక పట్టమని చెప్పు. అందరం నడిచొచ్చేస్తాం."

ఆ మాట ఆమె వెళ్ళి పెద్దాఫీసరుకు చెప్పింది. ఆయన తల పంకించి, "మంచి కబురు చెప్పారమ్మా" అన్నాడు. ఎంతో మెత్తగా మాట్లాడే మనిషి. తడిగుడ్డతో గొంతు కోసే రకమని ఆమెకు తర్వాత తెలిసింది.

ఓపిక లేనిది పైవాళ్ళకి. పేపర్లవాళ్ళు రోజూ వేళాకోళం చేస్తుంటే మంత్రికి తలకొట్టేసినట్టయింది. ఒకనాటి పొద్దున పెద్దాఫీసరు బూడిదరంగు తాను ఒకటి జీపులో వేసుకుని మిషనక్క ఇంటికొచ్చాడు.

"బయటికొచ్చేవాళ్ళకి మార్చుకోను బట్టలు కావాలమ్మా. అచ్చం వాళ్ళవి ఎలా ఉంటాయో అలాగే" అన్నాడు.

కొలతలు చెప్తుంటే ఆమెకు అనుమానమొచ్చింది. అన్నీ వెడల్పు ఛాతీలే. గంజి తాగే మిల్లువాళ్ళలో అంత ఒళ్ళున్నవాళ్ళు ఎవరున్నారు?

"లోపలివైపు ఎడమపక్క ఒక జేబు వెయ్యండి. బయటికి కనబడకూడదు" అన్నాడు ఆయన చివర్లో.

ఆమె టేపు బల్ల మీద పెట్టేసింది.

"వాళ్ళు జేబులు పెట్టుకోరు. ఎవరికయ్యా ఇవి?"

ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "మావాళ్ళు ఈ బట్టల్లో వెనకనుంచి లోపలికెళ్ళి పెద్దయ్యని పట్టుకుంటారు. ఒక్క తూటా పేలదు. మీరు కుట్టనంటే ముందు గేటు పగలగొట్టుకుని వెళ్ళాల్సొస్తుంది. అప్పుడు ఎవరికి ఏమవుతుందో నేను చెప్పలేను. కుడితే మీ తమ్ముడికి నాది పూచీ."

ఇంకే సంగతైనా అయితే "నీ పూచీ నీ దగ్గరే పెట్టుకో" అనేసేదే. తమ్ముడి ప్రాణం అనేసరికి ఆ నోరు పడిపోయింది. ఆమె కుట్టింది. కుడుతూ సర్కారును తిట్టింది, పెద్దయ్యని తిట్టింది, రానన్నందుకు తమ్ముణ్ణి తిట్టింది. తిట్టకుండా కుట్టింది ఆ జేబులు మాత్రమే.

మరదలు ఊరికే కూర్చోలేక ఇస్త్రీకి దిగింది.

"వీటికి జేబులేంటి వదినా?"

"బయటికొచ్చేవాళ్ళకి. బయట బతకాలంటే జేబు ఉండాలిగా."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అయితే ఆయనొస్తున్నట్టే" అంటూ ఒక్కో జేబు మడతనూ వేలితో సవరించి మరీ పెట్టె నొక్కింది.

తెల్లవారుతుండగా తుపాకులు మోగాయి. ఏం జరిగిందంటే చెప్పడానికి సిగ్గు వేస్తుంది, చేసినవాళ్ళకు మాత్రం వెయ్యలేదు. అంగీలు తొడుక్కున్న పోలీసులు లోపలికెళ్ళారు. పెద్దయ్య మనుషులు పోల్చుకుని కాల్చారు. ఆ చప్పుడు విని గోడమీదున్న బలగం, కింద బూడిదరంగు కనబడినచోటల్లా కాల్చింది. తమ మనుషులెవరో, మిల్లువాళ్ళెవరో, గంజి కాచేవాడెవడో చూసుకునే తీరిక ఎవరికుంది? తమ్ముడు వంటింటి గుమ్మంలో పోయాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

శవాన్ని అప్పగించినప్పుడు వాడి ఒంటిమీద ఆమె ఎప్పుడో కుట్టిన పాత అంగీయే ఉంది. మోచేతి దగ్గర మాసిక కూడా ఆమె వేసిందే. మరదలికి ఆమె ఏమీ చెప్పలేదు. నెలలు నిండాయి, మగపిల్లాడు పుట్టాడు, అప్పటికీ చెప్పలేదు.

ఊరివాళ్ళు గోల చేయగా చేయగా సర్కారు విచారణ పెట్టింది. బడి హాల్లో జడ్జిగారు కూర్చున్నారు. మిషనక్క, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మరదలు, ముందు బెంచీలోనే కూర్చున్నారు. పెద్దాఫీసరు లేచాడు. మారువేషాల ఊసే ఎత్తలేదు. మిల్లువాళ్ళు వాళ్ళలో వాళ్ళే కాల్చుకున్నారన్నాడు. ఇక వంటవాడి సంగతికొచ్చి, "లొంగిపొమ్మంటే వినకుండా అంగీ జేబులోంచి పిస్తోలు తీశాడు. గత్యంతరం లేక కాల్చాం" అన్నాడు. అదే మెత్తటి గొంతు.

కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరుపెట్టాలి కదా. మిషనక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనున్న పిల్లాణ్ణి చూసింది. రేపు వాడు పెద్దయి, మా నాన్న తుపాకి తీశాడట అని తల వంచుకు తిరగాలా? మాట్లాడితే మరదలికి తెలిసిపోతుందని ఆమెకు తెలుసు. అయినా లేచింది.

"ఏ జేబులోంచి తీశాడయ్యా? మిల్లువాళ్ళ అంగీలన్నీ నేను కుట్టినవే. ఒక్కదానికీ జేబు లేదు. జేబులున్నవి నువ్వు కుట్టించుకున్నవే. అవీ నేనే కుట్టాను, నీ మనుషుల కోసం. మా తమ్ముడికి పూచీ అన్నావు. ఏదీ ఆ పూచీ?"

హాల్లో ఒక్కసారి కలకలం రేగింది. పెద్దాఫీసరు జడ్జిగారి వైపు చూశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కూర్చోండమ్మా. పోలీసు వ్యూహాల సంగతి ఈ విచారణ కిందికి రాదు" అన్నారు.

"రాదా? జేబు వచ్చిందిగా. పిస్తోలు వచ్చిందిగా. చచ్చినవాడు లేచి అది అబద్ధమని చెప్పలేడని వాడి మీద ఏదైనా వస్తుంది, మీ మీద మాత్రం ఏదీ రాదు. తూ, మీ విచారణ."

బంట్రోతులు ఆమె రెక్కపట్టుకుని బయటికి తెచ్చారు. మెట్ల దాకా తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. వెనకాలే పిల్లాణ్ణి భుజాన వేసుకుని మరదలు వచ్చింది. ఆమె ఏడవడం లేదు.

"ఆ అంగీలు నేనే కదా ఇస్త్రీ చేసింది. జేబులెందుకని అడిగాను కూడా" అంది. "అప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ సాయంత్రం గేటు దగ్గరికెళ్ళి ఆయనకి చెప్పేదాన్ని. ఎందుకు చెప్పలేదు వదినా?"

ఊరందరికీ మాటకు మాట అనే మిషనక్క నోరు తెరిచింది. మాట రాలేదు.  మరదలు పిల్లాడి తల కొంగుతో కప్పి, ఇంటివైపు కాకుండా బస్టాండు వైపు నడిచింది.