భుజం మీద చేతికి తొమ్మిది వందలు

ఇరవై ఆరు వేలు చెప్పిన వీఆర్ హెడ్‌సెట్‌ను పద్దెనిమిది వేలకు దించి, దాంతో నా కూతురి చేతిని మూడు నెలల్లో పాడుచేశాను. ఇంత చవగ్గా ఈ పని చేసినవాళ్ళు పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో ఇంకెవరూ ఉండరు.

పాప పుట్టేటప్పుడు భుజం ఇరుక్కుంది. బయటికి తీయడంలో మెడ దగ్గరి నరాలు సాగి దెబ్బతిన్నాయి. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి కుడిచెయ్యి చెవి దాకా లేచేది, ఆపైకి పోయేది కాదు. జడ తానే వేసుకోవాలని దాని పట్టుదల. ఖాజాగూడలో పిల్లల ఫిజియోథెరపీ సెంటరుకు వారానికి రెండుసార్లు తీసుకెళ్ళేదాన్ని. అక్కడ కళ్ళకు హెడ్‌సెట్ పెడితే తలపైన చేపలు ఈదుతాయి. చెయ్యెత్తి పట్టి బుట్టలో వేయాలి. వ్యాయామమంటే ఏడ్చే పిల్ల, చేపలంటే ముందే వెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడేది.

నేను ప్రొద్దుటూరులో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. దేనికి ఎంత ఇస్తున్నామో విడగొట్టి చూడకపోతే నిద్ర పట్టదు. ఆడించేది యంత్రం. చెయ్యెత్తేది పాప. ఫిజియోథెరపిస్టు, మెదక్ వైపు అమ్మాయి, చేసేదల్లా వెనక స్టూలు వేసుకుని పాప భుజం మీద చెయ్యి పెట్టి కూర్చోవడం. దానికి గంటకు తొమ్మిది వందలు.

"ఆరు వందలు చేసుకోమ్మా, ఎప్పుడూ వచ్చేవాళ్ళమే కదా" అన్నాను.

"గిది కూరగాయల బండి కాదక్కా."

"బండివాడైతే కొత్తిమీరైనా వేస్తాడు."

నవ్వింది గానీ తగ్గలేదు.

ఆ వారమే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన హెడ్‌సెట్ అమ్మకానికి పెట్టాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, కోస్తా మనిషి. వాళ్ళ ఫ్లాటుకే వెళ్ళాను.

"నాలుగుసార్లే వాడానండి. కళ్ళు తిరిగాయి."

"కళ్ళు తిరిగే వస్తువుకు ఇరవై ఆరా అన్నా?"

"బాక్సు కూడా ఉందండి."

"బాక్సు మీరే ఉంచుకోండి."

పద్దెనిమిదికి ఇచ్చాడు, బాక్సుతో సహా. అలాంటి చేపల ఆటే ఒకటి దొరికింది. సెంటరు మాన్పించాను.

రోజూ సాయంత్రం హాల్లో ఆట. మొదటి రోజు పదకొండు చేపలు. కొట్లో మా నాన్న అమ్మకం రాసినట్టు నేను క్యాలెండరు మీద అంకె వేసేదాన్ని. మూడో నెల చివరికి నలభై ఆరు. అది చూపించి ఆ అమ్మాయి ముఖం ఎలా మారుతుందో చూద్దామనే సెంటరుకు వెళ్ళాను.

ఆమె క్యాలెండరు ఫోటో చూసి ఫోను నా చేతికిచ్చేసింది. పాపను గోడకు ఆనించి నిలబెట్టి చెయ్యెత్తమంది. చెయ్యి గడ్డం దగ్గర ఆగింది. ఇంకా ఎత్తమంటే పాప నడుము పక్కకు వంచి, భుజాన్ని చెవికి తగిలేలా పైకి గుంజుకుంది. చెయ్యి అక్కడే ఉంది.

"ఇంట్ల గిట్లనే ఆడిందా?"

"చేపలు దొరుకుతున్నాయి కదా అని..."

"ఒళ్ళు వంచినా దొరుకుతయ్ అక్కా. జర ఇటు చూడుండ్రి." పాప వీపు మీది రెక్క ఎముకను అరచేత్తో అదిమింది. "ఇది పైకి పోకుండ పట్టుకుంటేనే చెయ్యి లేస్తది. నేను ఉత్తగ కూసుంటున్న అనుకున్నరా?"

అలాగే అనుకున్నాను. గుడ్డను లాగిపట్టి కొలిస్తే అంకె పెరుగుతుంది, గుడ్డ పెరగదు. కొట్లో గుమాస్తా అలా కొలుస్తుంటే చిన్నప్పుడు నాన్నకు పట్టిచ్చింది నేనే. నా హాల్లో మూడు నెలలు అదే కొలత జరుగుతుంటే పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాను.

"మరి నా నలభై ఆరు?" అంది పాప.

"అవి చేపలు బిడ్డా. మనకు చెయ్యి గావాలె" అంది ఆమె. నా వైపు తిరిగి, "అలవాటు ఇడిపియ్యనీకె ఆరు నెలలన్న పడ్తది. పాపను ఏమనకుండ్రి."

ఆరు నెలలే పట్టింది. చెయ్యి మళ్ళీ చెవి దాకా వచ్చింది. జడ ఇంకా నేనే వేస్తున్నాను.

మానేసిన ఇరవై నాలుగు గంటలకు మిగిలింది ఇరవై ఒక్క వేల ఆరు వందలు. హెడ్‌సెట్‌కు పద్దెనిమిది వేలు. మొదటి చోటికి తిరిగి రావడానికి నలభై ఎనిమిది గంటలు, బేరం లేకుండా నలభై మూడు వేల రెండు వందలు. మిగిలింది తీసేస్తే ముప్పై తొమ్మిది వేల ఆరు వందలు పోయింది. అది నాది. తొమ్మిది నెలలు పోయాయి. అవి పాపవి.