ఇటలీ పళ్లెం

బ్రెడ్డు వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. శంషాబాద్ బస్టాండు దగ్గర నేను కిరాయికి ఉంటున్న గది కిందే ఒక బేకరీ ఉంది. పొద్దున షట్టరు లేవకముందే ఆ తియ్యటి, పులిసిన పిండి వాసన మెట్లెక్కి నా గదిలో జొరబడుతుంది, విమానాశ్రయంలో రాత్రి డ్యూటీలు దిగినవాళ్లు కింద చాయ్‌లో బన్ను ముంచుకొని హాయిగా తింటుంటారు, నేను మాత్రం కిటికీ రెక్కలు బిగించి, నిన్నటి అన్నంలో ఇంత కారం, ఇన్ని ఉల్లిగడ్డ ముక్కలు వేసి పోపు పెట్టుకుంటాను. బ్రెడ్డు మీద నీకేం పగ అని ఇంటామె ఒకసారి నవ్వుతూ అడిగింది. పగే.

మా హోమ్ మామిడిపల్లి వైపు పోయే రోడ్డు మీద ఉండేది. అమ్మానాన్నలు చనిపోయినవాళ్లం, ఉండీ వదిలేసినవాళ్లం, అందరం ఆడపిల్లలమే, పొడవాటి రేకుల షెడ్డులో వరసగా చాపలేసుకొని పడుకునేవాళ్లం. విమానాశ్రయం అప్పుడప్పుడే తెరిచారు. విమానం నెత్తి మీదుగా దిగుతుంటే రేకులు దడదడలాడేవి. మా వంటమనిషి సత్తెమ్మది ఆ విమానాశ్రయం కింద భూమి పోయిన రైతు కుటుంబం, అందుకే ఏ విమానం కనబడ్డా చేతిలో పని ఆపి, తలెత్తి ఒక తిట్టు తిట్టి, మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకునేది. మాకు మాత్రం విమానమంటే ప్రాణం. ఎందుకంటే మాలో కొందరికి 'ఫిక్సయ్యేది'.

నాకు ఆరో ఏట ఫిక్సయింది. అంటే ఇటలీలో ఒక జంట నన్ను పెంచుకుంటామని ఒప్పుకున్నారు, కాగితాల పని కాగానే వచ్చి తీసుకుపోతారు. వాళ్లు పంపిన ఫొటోల ఆల్బం పెద్ద మేడం నా చేతికిచ్చింది. మా హోమ్‌కు ఆమే పైమనిషి, ఆమె మాటే చట్టం. అందులో గడ్డం ఉన్న ఒక పొడుగాటి మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోయే ఒక ఆడమనిషి, ఒక ముసలి కుక్క, పసుపుపచ్చ దుప్పటి పరిచిన ఒక చిన్న మంచం. ఆ మంచం నాదేనట. ఆ నవ్వే ఆమె పేరు లూచియా. పొద్దున లేవగానే ఆమె ఫొటోకు 'మమ్మా' అని చెప్పి, తర్వాతే మొహం కడుక్కునేదాన్ని.

ఆ వారమే పెద్ద మేడం వంటింటి గుమ్మంలో నిలబడి నాకు కారం బంద్ చేసింది. "అక్కడ కారం ఉండదు సత్తెమ్మగారూ. ఇప్పటినుంచే మాన్పించండి, వెళ్లాక ఇబ్బంది పడకూడదు."

"పసిపిల్ల మేడం, సప్పిడి కూడు ఎట్ల తింటది?" అన్నది సత్తెమ్మ.

తినక చస్తానా. అందరి పళ్లాల్లో పచ్చిపులుసు, పప్పు, మిరపతొక్కు ఉంటే నా ఒక్కదానికి బ్రెడ్డు, ఉడకేసిన ఆలుగడ్డ, పైన చిటికెడు ఉప్పు, పక్కన ముళ్ల చెంచా. పిల్లలు దానికి ఇటలీ పళ్లెం అని పేరు పెట్టారు. మొదట్లో గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి. కుర్చీ కూడా నాకొక్కదానికే. కానీ కుర్చీలో కూర్చున్న పిల్లతో చాపల మీద కూర్చున్న పిల్లలు ఎన్నాళ్లు మాట్లాడతారు? నా పక్క చాప మంజుల కూడా మెల్లగా వేరే జట్టులో కలిసిపోయింది.

వానాకాలంలో సత్తెమ్మ కట్టెల పొయ్యి మీద మక్కకంకులు కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది తలా ఒకటి ఇస్తుంటే, నా కంకి ఒట్టిదే, నీళ్లలో ఉడికిందే. ఎండాకాలంలో గోడ దూకి తెచ్చిన మామిడికాయలు, కారప్పొడి కలిపిన పొట్లాం చుట్టూ పిల్లలంతా ముడుచుకొని కూర్చొని నాలుకలు చప్పరిస్తుంటే, నేను వరండా స్తంభాన్ని పట్టుకొని ఆ చప్పుడు వినేదాన్ని. సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, నువ్వుల సద్ది, పల్లీల సద్ది అన్నీ దాటిపోయి, నా చేతిలోకి బెల్లం మలీద ముద్ద ఒక్కటే వచ్చేది. రంజాన్‌కు వెనకింటి ఖాలమ్మ బిర్యానీ పంపేది, మెతుకు కూడా నన్ను ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఆటలూ బందే. కొన్ని నెలలకోసారి నా ఫొటోలు ఇటలీకి పోవాలి, మోకాలు చీరుకుంటే ఫొటోలో పడుతుందట, అందుకని జామచెట్టు ఎక్కొద్దు, దొంగాట ఆడొద్దు, ఎండలో తిరగొద్దు. పిల్లనా, షోకేసులో బొమ్మనా నేను?

వచ్చే నెల అన్నారు. దసరా దాటాక అన్నారు. ఎండలు తగ్గాక అన్నారు. ప్రయాణానికని లూచియా పంపిన ఎర్ర గౌను భుజాల దగ్గర పట్టేసింది, దాన్ని ఒక చిన్నపిల్లకిచ్చి నాకు ఇంకోటి కుట్టించారు, అదీ పొట్టిదైపోయింది. బడిలో టీచర్ నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టడం మానేసింది, ఎలాగూ పోయే పిల్లే కదా అని. నేనూ పుస్తకం తెరవడం మానేశాను, ఎలాగూ పోయేదాన్నే కదా అని.

ఒకరోజు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటే, సత్తెమ్మ నా ముందు అందరి పళ్లెంలాంటి పళ్లెం పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, పక్కన ఎర్రటి మిరపతొక్కు. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె చూడలేదు.

"తిను బిడ్డా," అన్నది. "ఇగ అన్నీ తిను."

నాకు చెప్పింది అంతే. నా జీవితం మారిపోయిందని ఒక మిరపతొక్కు చెప్పాలి, మనుషులకు నోళ్లు లేవు. తొక్కు నాలుకకు తగలగానే ముక్కూ కళ్లూ కారిపోయాయి, ఇటలీదానికి కారమైందిరో అని పిల్లలు విరగబడి నవ్వారు, మంజుల ఒక్కతే లేచి నీళ్లు తెచ్చింది. ముక్కు తుడుచుకుంటూనే పెద్ద మేడం గదికి పోయి, మమ్మా ఎప్పుడొస్తుందని అడిగాను. ఆమె ఫ్యాను వైపు చూస్తూ, "ఆ సంగతి వదిలెయ్. చదువు మీద దృష్టి పెట్టు," అంది. సాయంత్రానికి నా చాప కింద ఆల్బం లేదు. వాళ్లే నన్ను వద్దనుకున్నారని అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. ఆ కళ్లు మూసుకుపోయే నవ్వును మనసులో ఎన్ని తిట్లు తిట్టానో నాకే తెలుసు.

పోయిన చలికాలంలో లూచియా వచ్చింది. మా హోమ్ పిల్లలం కొందరం ఫోన్లో పెట్టుకున్న గ్రూపు ద్వారా నన్ను వెతికి పట్టుకుంది. జుట్టు నెరిసింది, కళ్లు అవే. ఇద్దరికీ అరకొర ఇంగ్లీషే, అయినా అన్నీ అర్థమయ్యాయి. వాళ్ల ఇంట్లో ఎండుమిరపకాయలు దండలు గుచ్చి పొయ్యి మీద వేలాడదీస్తారట, అవి లేనిదే కూర దించరట. నవ్వాలో, ఎవరినైనా పట్టుకొని కొట్టాలో తెలియలేదు. తర్వాత ఆమె అడిగింది, నువ్వెందుకు రానన్నావని. పిల్లను అడిగాం, దేశం వదిలి రానంటోంది అని హోమ్ నుంచి వాళ్లకు చెప్పారట, ఎందుకలా చెప్పారో ఆమెకూ తెలియదు. నన్నెవరు అడిగారు? ఎప్పుడు అడిగారు? అడిగి ఉంటే చెప్పుల్లేకుండా రన్‌వే మీద పరుగెత్తి అయినా పోయేదాన్ని. ఆ గడ్డం మనిషి ఆ మాటే నిజమనుకొని, ఆమె వచ్చే ముందటి ఏడు చనిపోయాడట.

హోమ్ చూస్తానంటే తీసుకుపోయాను. చూపించడానికేముంది? షెడ్డు లేదు, జామచెట్టు లేదు, వంటిల్లు లేదు. విమానం ఎక్కేవాళ్లు కార్లు పెట్టుకునే పార్కింగు అయింది, నేలంతా సిమెంటు. పెద్ద మేడం ఏ ఊళ్లో ఉందో, ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. సత్తెమ్మ పోయింది. నిలదీద్దామంటే ఒక్క మనిషి మిగల్లేదు. గేటు పక్కన చాయ్ అమ్మే ముసలామె మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి, రెండు గ్లాసులు చేతికిస్తూ అడిగింది.

"ఎవరు బిడ్డా ఈ తెల్లామె? నీకేమైతది?"

"అమ్మ కావాల్సి ఉండె పెద్దమ్మా," అన్నాను. "కానియ్యలే."