హెలికాప్టర్‌లో ఒక్క సీటు

మా తమ్ముడిది సముద్రంలో పని. కాకినాడకు చాలా దూరాన, నీళ్లు బాగా లోతున్న చోట నిలబడి చమురూ గ్యాసూ తోడే ఓడ మీద క్రేను నడుపుతాడు. అంత లోతులో స్తంభాలు దించలేరట. గొలుసులు, లంగర్లతో ఓడను పట్టి ఉంచుతారట. పోవాలన్నా రావాలన్నా హెలికాప్టరే.

అమ్మ అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో, మా ఇంట్లోనే పోయింది. పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు నిప్పు పెట్టాలి. నాయినకు నేను పెట్టాను. అమ్మది వాడి వంతు. చిన్నోడే పెట్టాలని అమ్మ కూడా అనేది.

దూరాన ఉన్నవాళ్లకు చావు కబురు ఉన్నదున్నట్టు చెప్పం. సీరియస్‌గా ఉంది, రమ్మంటాం. దారిలో గుండె పగలకూడదని. ఫోన్‌లో మాట్లాడితే నా గొంతు పట్టించేస్తుంది. అందుకే, యాభై దాటాక మనవరాలి పలక పక్కన కూర్చొని నేర్చుకున్న అక్షరాలతో వెతికి వెతికి మెసేజ్ కొట్టాను: అమ్మకు సీరియస్‌గున్నది, జల్ది రా.

వాడు దాన్ని పై అధికారికి చూపించాడు. మధ్యాహ్నం హెలికాప్టర్‌లో ఒక్క సీటే ఖాళీ. అదే పొద్దున ఇంకొకతనికి తండ్రి చనిపోయాడని కబురొచ్చింది. చావు ముందు, జబ్బు తర్వాత. సీటు అతనికిచ్చి, వీడిని రేపు పొమ్మన్నారు. వీడూ సరేనన్నాడు. అమ్మ బతికే ఉందనుకున్నాడు మరి.

వాడు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేసరికే హెలికాప్టర్ ఎగిరిపోయింది. అప్పుడూ నేను నిజం చెప్పలేదు. ఒక్కరోజే కదా అని ఫ్రీజర్ పెట్టె తెప్పించాను. తెల్లారి సముద్రం మీద గాలి లేచింది. హెలికాప్టర్ రాదన్నారు. పడవ అడగమంటే, ఈ అలల్లో మనిషిని పడవలోకి దించరన్నాడు. ఎవరిని బతిమాలాలి? నాకు తెలిసింది కరెంటు లైన్‌మన్, నీళ్ల ఆఫీసు గుమాస్తా. వాళ్లు గాలిని ఆపరు.

మధ్యాహ్నం దాటింది. అమ్మ తమ్ముడు, మా మేనమామ, పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇంకెంతసేపు పెడ్తవ్‌రా? గాలి ఆగదు, వాడు రాడు. లే."

అప్పుడు చేశాను ఫోన్.

"తమ్మీ, అమ్మ నిన్న పొద్దుగాలనే పోయిందిరా."



"నువ్వు మెసేజ్ పెట్టినప్పటికే పోయిందానే, అన్నా?"

"అవ్‌రా."

"గదే రాయకపోయినవ్. నిన్ననే ఎక్కుతుంటి."

పెట్టె అద్దం మీది చెమ్మ తుడిచాను.

"నిప్పు నువ్వే పెట్టు. ఫోన్ మాత్రం బంద్ చెయ్యకు" అన్నాడు.

పంజగుట్ట శ్మశానంలో నీళ్లకుండ నా భుజాన ఉంది. వీడియో కాల్ పెట్టి ఫోన్ మామ పట్టుకున్నాడు, చిన్నోడికి చితి కనపడేటట్టు. రెండో చుట్టులో మామ, సిగ్నల్ పోయిందిరా అన్నాడు. కుండకు చిల్లి పడ్డాక ఆగకూడదు, వెనక్కి చూడకూడదు. నీళ్లు వీపు మీదుగా కారుతున్నాయి. ఆగకుండా మూడో చుట్టు తిరిగాను.