బాపమ్మ ఒప్పుకున్న సముద్రం

మా మనవరాలు కొత్త ఫ్లాటు హాలు కోసం తెప్పించుకున్న బొమ్మ మొన్న వచ్చింది. అట్ట విప్పగానే గదంతా అవిసెనూనె వాసన, ఇంకా పూర్తిగా ఆరని రంగుల వాసన. తెల్లవారుజాము సముద్రం బొమ్మ అది. ఈ తరహా చిత్రాలను ఇంప్రెషనిస్టు చిత్రాలంటారనీ, వాటిలో గీత కన్నా వెలుగే ముఖ్యమనీ ఆ పిల్ల ఓపిగ్గా చెబుతుంటే నేను తల ఊపుతూనే ఉన్నాను గాని, మనసు మాత్రం యాభైల నాటి మా శాలిబండ ఇంటికి వెళ్లిపోయింది.

వానలు వెనకబట్టి తంగేడు పూసే రోజులు రాగానే మా ఇంట్లో సున్నాలు మొదలయ్యేవి. గోలెంలో సున్నం కుతకుతలాడుతుంటే దూరంగా నిలబడి చూడటం, నీలిమందు కలిపాక ఆ తెలుపు చల్లబడటం, తడి గోడల వాసనలోకి అమ్మ సత్తుపిండి కోసం వేయించే నువ్వుల కమ్మదనం వచ్చి కలవడం, సాయంత్రమైతే పక్కింటి డాబా మీద పావురాలను దించుకునే ఈలలు, అన్నీ కలిస్తేనే మాకు బతుకమ్మ, దసరా.

బాపు, అంటే మా నాన్న, సర్కారీ దఫ్తరులో గుమాస్తా. ఒకసారి పనిమీద బొంబాయి పోయి సముద్రం చూసి వచ్చాడు. అప్పటినుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ ముచ్చటే. ఆ ఏడు ముందర గదికి సున్నం వేశాక ఖాళీ గోడను చూసి, “ఈడ సముద్రం బొమ్మ పెడ్దాం” అన్నాడు.

“సముద్రమెందుకు? పచ్చటి చేను, రెండు గుట్టలు ఉంటే కండ్లకు సల్లగుంటది గద” అంది అమ్మ.

ఆ వాదన తెగకుండానే ముగ్గురం పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఖాన్ సాబు దుకాణానికి వెళ్లాం. నవాబుల దేవిడీ భవనాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న కాలం. అక్కణ్నుంచి వచ్చిన ఝూమరు దీపాలు, మసకబారిన నిలువుటద్దాలు, ఎప్పుడో ఆగిపోయిన గడియారాలు ఆ దుకాణం నిండా కిక్కిరిసి ఉండేవి. ఖాన్ సాబు గడ్డం తెల్లబడ్డ పెద్దమనిషి, మాట మెత్తన. అమ్మ కోరిన గుట్టల బొమ్మ, బాపు కోరిన సముద్రం, రెండూ తెచ్చి గోడకు ఆనించాడు.

సముద్రం దగ్గరికి పోయి చూస్తే ఏమీ లేదు, రంగు ముద్దలు తప్ప.

“ఏంది గిది? రంగు తుడిచిన గుడ్డ లెక్కుంది” అని గొణిగింది అమ్మ.

ఖాన్ సాబుకు తెలుగు తెలుసు. నవ్వి, “బహెన్, జరా పీఛే హట్‌కే దేఖో” అంటూ, వెనక్కి జరిగి చూడమని మమ్మల్ని గల్లీ అవతలి అరుగు దాకా నడిపించాడు. అక్కణ్నుంచి తిరిగి చూద్దుము కదా, ఆ నీలాలూ బూడిదలూ లేత గులాబీలూ ఒకదాంట్లో ఒకటి కరిగి అలలైపోయాయి. దూరంగా ఒక తెరచాప. దాని వెనక ఎండ.

“అమ్మో, కదులుతున్నది!” అంది అమ్మ. గుట్టల మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ బొమ్మను రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ముందర గదిలో తగిలించాం. వాడకట్టు వాళ్లంతా వచ్చి చూసి పోయారు. బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, ఒక్కసారి చూసి లోపలికి పోయింది. మర్నాటి పొద్దున చూస్తే, కిటికీ పక్కన ఎన్నో ఏళ్లుగా తాను కూర్చునే గద్దె ఖాళీగా ఉంది. తమలపాకుల పాన్‌దాన్ తీసుకుని ఆమె వెనక వసారాలోకి మారిపోయింది. బతుకమ్మ పూలు ముందర గదిలో పోసుకుని కూర్చుని గునుగు పూలకు రంగులద్దడం ఏటా ఆమె పని. ఆ ఏడు పిలిచినా రాలేదు.

“ఏమైంది అత్తమ్మా? మా మీద కోపమొచ్చిందా?” అని అమ్మ పక్కన కూర్చుని అడిగింది. బాపు కూడా వచ్చి గడపలో నిలబడ్డాడు.

బాపమ్మ నా వైపు చూపించింది. “నేను గీ పిల్లంత ఉన్న. అఫ్జల్‌గంజ్‌ల నది ఒడ్డుకే మా ఇల్లు. తుగ్యానీ వచ్చిన నాడు తలుపు సందులకెళ్లి పాము లెక్క నీళ్లొచ్చినయి. మా అవ్వ నన్ను పక్కింటి మిద్దె మీదికి అందిచ్చింది. మా తమ్ముడు బుచ్చన్నను అందియ్యబోయింది. గోడ కూలింది.”

తుగ్యానీ అంటే మూసీకి వచ్చిన పెద్ద వరద. పాతబస్తీలో పెద్దవాళ్లంతా దాన్ని అలాగే అనేవాళ్లు. తన అమ్మమ్మ, అంటే బాపమ్మ చెప్పిన ఆ అవ్వ, వరదలో పోయిందని మాత్రమే బాపుకు తెలుసు; చిన్న మేనమామ సంగతి తెలియదు. అతని కళ్లు నిండాయి.

“ముందుగాలనే చెప్పొద్దా అమ్మా?”

“ఎంత ముచ్చటపడి తెచ్చుకున్నవ్ బిడ్డా. ఎట్ల చెప్పాలె?”

బాపు ఆ సాయంత్రమే బొమ్మ దించాడు. అదిచ్చి గుట్టల బొమ్మ తెచ్చుకుందామనుకున్నారు. ఈసారి బాపమ్మను కూడా అమ్మ బతిమాలి బయల్దేరదీసింది. దుకాణంలో సంగతి విన్న ఖాన్ సాబు స్టూలు తుడిచి బాపమ్మ ముందు పెట్టి, “మేరీ దాదీ బీ ఉసీ మే గయే, అమ్మా” అన్నాడు. ఆయన నాయనమ్మ కూడా ఆ వరదలోనే పోయిందట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

బాపమ్మ గుట్టల బొమ్మ చూసింది, బాగుందంది. ఆమె కళ్లు మాత్రం పక్కనున్న సముద్రం మీదికే పోతున్నాయి. లేచి, ఎవరూ చెప్పకుండానే గల్లీ అవతలికి నడిచి, చాలాసేపు అక్కడే నిలబడింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

“దీనికి అవతలి ఒడ్డు లేదా?” అని అడిగింది.

“లేదమ్మా. ఎంత దూరం జూసినా నీళ్లే” అన్నాడు బాపు.

“మరి ఊర్లమీదికి రాదా?”

“రాదు. ఒడ్డు దాక వస్తది, మల్ల ఎనకకు పోతది. పొద్దుగాల్నించి రాత్రి దాక గదే పని.”

బాపమ్మ ఊపిరి పీల్చుకుంది. “మూసీ మన ఇంట్లకొచ్చింది. గిదైతే తన జాగల తానుంది. తీస్కపోదాం పా.”

“వద్దమ్మా, నా గురించి ఫికర్ జెయ్యకు.”

“నీ గురించి గాదు. నేను జూస్త.”

బొమ్మ మళ్లీ గోడెక్కింది. బాపమ్మ కొన్నాళ్లు దానికి వీపు పెట్టి కూర్చుంది. తర్వాత పక్కకు తిరిగింది. దీపావళి నాటికి ఎదురుగానే కూర్చుని వక్కలు కత్తిరించుకునేది. ఇంట్లో అంతవరకూ ఎవరూ వినని మాటలు అప్పుడు విన్నాం. బుచ్చన్న నిద్రలో నవ్వేవాడట, బెల్లం కోసం పొర్లి పొర్లి ఏడ్చేవాడట, అక్క చెయ్యి పట్టుకుని ఏటి ఒడ్డున గవ్వలేరేవాడట. చెబుతూ చెబుతూ ఆమె నవ్వేది. ఆ నవ్వు విని వంటింట్లో అమ్మ చేస్తున్న పని ఆపి నిలబడేది.

ఇప్పుడు మా ఇల్లున్న చోట బట్టల దుకాణాల కట్టడం లేచింది. ఖాన్ సాబు గల్లీలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ బొమ్మ వానల చెమ్మకు బూజుపట్టి, చివరికి రంగు పెచ్చులుగా రాలిపోయింది. తుగ్యానీ అన్న మాట పలికేవాళ్లు కూడా లేరు. అఫ్జల్‌గంజ్ వంతెన మీద బస్సు ఆగినప్పుడు జనం మూసీ కంపుకు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని త్వరగా కదలమని విసుక్కుంటారు. నేను మాత్రం కిటికీలోంచి కిందికి తొంగి, సన్నగా పారే ఆ నల్లటి నీళ్ల అంచున, నేనెన్నడూ చూడని ఒక చిన్న పిల్లవాడి కోసం వెతుకుతాను.